శుక్రవారం కుర్చీ

ఆయన తనంతట తాను నాకు ఎప్పుడూ ఫోన్ చేయలేదు. ఎనిమిదేళ్ల పరిచయంలో ఎప్పుడు మాట్లాడినా నేను చేస్తేనే. అందుకే ఆ బుధవారం పొద్దున మేడ్చల్ దగ్గర కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ మీద ఆయన పేరు కనబడేసరికి, నేనేదో పెద్ద తప్పు చేసి ఉంటాననీ, అది బాన్సువాడ దాకా తెలిసిపోయిందనీ హడలిపోయాను. ఎత్తితే ఆయన కొడుకు. "అక్కా, అబ్బా పోయిండు," అన్నాడు. తెల్లవారి నమాజుకు లేపితే లేవలేదట.

పక్క సీటులోని అమ్మాయి "ఎవరు మేడం?" అంది. "మా సార్," అన్నాను. ఆయన వింటే ఒప్పుకునేవాడు కాదు. సార్ అంటే ఆయనకు ఒళ్లు మంట. "సార్ అంటే బడిల ఉంటడు. నేను లెక్కలు రాసుకునేటోన్ని," అనేవాడు. బాన్సువాడలో అందరూ సాబ్ అనేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం.

నిజానికి ఆ వారం నేనే ఆయనకు ఫోన్ చేయాల్సింది. నేను పనిచేసే విత్తనాల కంపెనీ జడ్చర్ల దగ్గర కొత్త ప్లాంట్ పెడుతోంది. అక్కడి అకౌంట్స్ మొత్తం నన్ను చూసుకోమన్నారు. నా కింద ఏడుగురు, వాళ్లలో నలుగురు నాకంటే పెద్దవాళ్లు. సోమవారంలోగా చెప్పమన్నాడు డైరెక్టర్. నాలుగు రోజులు నేను ప్రతిరోజూ ఫోన్ తీసి, ఆయన నంబరు దాకా వెళ్లి, మళ్లీ లోపల పెట్టేసేదాన్ని. చేస్తే ముందు నన్నే అడుగుతాడు, "నువ్వు ఏం అనుకుంటున్నవ్?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరికాక చేద్దామనుకున్నాను. నా బుద్ధికి ఏం చెప్పాలి! ఆ నాలుగు రోజుల్లో ఏ ఒక్కరోజు చేసినా ఆయన గొంతు ఇంకోసారి వినేదాన్ని.

ఆయన పేరు ఇక్కడ రాయను. "పేరు సంతకం కాడ ఉంటే చాలు, తక్కిన కాగితమంతా పనే ఉండాలె," అనేవాడు. చనిపోయాక కూడా ఆ మాట కాదనడానికి నాకు ధైర్యం లేదు.

బాన్సువాడలో బస్టాండ్ రోడ్డున ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఆయన ఆఫీసు. ఒకే గది. మూడు బల్లలు, రెండు కంప్యూటర్లు, గోడ పొడవునా గుడ్డ మూటలు కట్టిన ఫైళ్లు. కింది నుంచి యూరియా వాసన వస్తూనే ఉండేది. కోటగిరి, బిచ్కుంద, జుక్కల్ దిక్కు దుకాణాల వాళ్లు, రైస్ మిల్లుల వాళ్లు తమ బిల్లులు సంచుల్లో వేసుకొచ్చి ఆ బల్ల మీద గుమ్మరించేవాళ్లు. వాటిని వరసలో పెట్టి నెలనెలా పన్నుల లెక్క పంపడమే మా పని.

నేను అక్కడికి వెళ్లేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. మాది పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక తండా. తండాలో బీకాం చదివిన మొదటి ఆడపిల్లను నేనేనని మా నాన్న కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అంత గొప్పదాన్ని ఆ గదిలోకి అడుగుపెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. సాబ్ తల ఎత్తలేదు. ఒక కాగితం నా ముందుకు జరిపాడు. అంకెల వరస, కింద మొత్తం.

"గిది కరెక్టేనా?"

నేను లెక్క చూశాను. సరిగ్గానే ఉంది. "కరెక్టే అనుకుంట సార్," అన్నాను.

ఆయన చూపుడు వేలు పైకి లేపాడు. "అనుకుంటున్నవా, ఎరికేనా?"

మళ్లీ కూడి చూశాను. మళ్లీ అదే వచ్చింది. అయినా నోటి నుంచి "కరెక్టే కావొచ్చు" అని వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మొదటిసారి నన్ను చూశాడు.

"ఇగో బేటీ, గీ ఆఫీసుల జవాబులు మూడే. ఎరికే. తెల్వది. చూసి చెప్త. నాలుగోది లేదు. 'కావొచ్చు' అనేది బయట చెప్పుల కాడ ఇడిసిపెట్టి రా."

జీతం గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నెలాఖరున కవరు చేతికి వచ్చాక కానీ ఎంతో తెలియలేదు. పిసినారి అని అప్పుడు అర్థమైంది. ఫ్యాన్ కూడా మనిషి లేని వైపు తిరిగితే ఆయనకు ప్రాణం కొట్టుకునేది. టీ పదకొండుకు ఒకటి, నాలుగుకు ఒకటి. మూడోది అడిగితే "గొంతు ఎండితే నీళ్లున్నయి" అనేవాడు.

చెప్పడానికి పెద్దగా ఏమీ లేని మనిషే. సన్నగా, ఒక భుజం కాస్త వంగి ఉండేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా. కూర్చోగానే చేతి గడియారం విప్పి బోర్లా పెట్టేవాడు. కంప్యూటర్ చూపించిన మొత్తాన్ని కూడా నమ్మకుండా, పాత బిల్లుల వెనక పెన్సిలుతో తానొకసారి కూడేవాడు. కూడేటప్పుడు పెదాల మధ్య "సాత్, ఆఠ్, పంద్రా" అని ఉర్దూలో గొణుక్కునేవాడు. నేను కూడేటప్పుడు మా తండా భాషలో గొణుక్కునేదాన్ని. ఒకరోజు ఇద్దరమూ ఒకే లెక్క పక్కపక్కన కూడుతుంటే మా ఇద్దరి గొణుగుడు విని ఆయన ఆగిపోయి నవ్వాడు. "చూసినవా, ఇద్దరిది ఇంటి బాష తెలుగు గాదు. లెక్క మాత్రం తెలుగోళ్లది," అన్నాడు. ఇంగ్లీషు అంటే నాకు భయమని ఆయనకు తెలుసు. "మూడు బాషలు మింగినవ్, నాలుగోదానికి గంత ఫికర్ ఎందుకు?" అని ఎగతాళి చేసేవాడు.

మెచ్చుకోవడం ఆయనకు రాదు. పని సరిగ్గా చేస్తే "హూఁ" అని ఇంకో ఫైలు జరిపేవాడు. నాలుగేళ్లలో నాకు ఆయన ఇచ్చిన మెప్పు అంతా ఆ హూఁ లోనే ఉంది. తప్పు చేస్తే మాత్రం గది దద్దరిల్లేది. ఒకసారి ఫైలు విసిరేశాడు కూడా. తర్వాత ఆ కాగితాలన్నీ తానే కింద కూర్చుని ఏరుకున్నాడు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

ఇంక శుక్రవారం సంగతి చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఇంటికి పోయి స్నానం చేసి, జుమ్మా నమాజుకు వెళ్లేవాడు. గంటన్నర పట్టేది. అదేం చిత్రమో, ఊళ్ల నుంచి జనం సరిగ్గా ఆ గంటన్నరలోనే వచ్చేవాళ్లు. వేరేచోట అయితే "సాబ్ నమాజుకు పోయిండు, మూడింటికి రా" అని పంపేస్తారు. ఆయన ఆఫీసులో ఆ మాట అనడానికి వీల్లేదు. వెళ్లేముందు మా ఇద్దరిలో ఒకరిని తన కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఒక శుక్రవారం నేను, ఒక శుక్రవారం నాతో పాటు పనిచేసే, కోటగిరి నుంచి వచ్చే అన్న. ఆ గంటన్నర ఎవరు ఏం అడిగినా ఆ కుర్చీలో ఉన్నవాళ్లే చెప్పాలి. ఎవరికీ ఫోన్ చేయకూడదు. ఆయన ఫోన్ ఎలాగూ మసీదులో ఆపేసి ఉండేది. తిరిగి వచ్చాక ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఏం చెప్పావు అని వరసగా అడిగేవాడు. తప్పు చెప్పి ఉంటే అప్పుడే ఆ మనిషికి ఫోన్ చేయించేవాడు, అదీ మాతోనే: "అన్నా, నేను ఇందాక చెప్పింది తప్పు, సరైనది గిది."

కోటగిరి అన్న తెలివైనవాడు. తన వంతు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని అందరికీ "చూసి చెప్త" అనేవాడు. రెండు నెలలు గడిచాక సాబ్‌కు కోపం వచ్చింది. "చూసి చెప్త అన్నవాడు చూసి చెప్పాలె కదరా!" అని ఆ జవాబును అన్నకు నెల రోజులు బంద్ చేశాడు.

మొదటి శుక్రవారం నేను ఆ కుర్చీ అంచున కూర్చున్నాను. ఒక ఎరువుల డీలర్ వచ్చి నన్ను చూసి "సాబ్ లేడా?" అని వెనక్కి తిరిగాడు. "నేనున్నా, చెప్పండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన అడిగినది చాలా చిన్న విషయం. చెప్పాను. ఆయన తలూపి పోయాడు. అంతే. ఆ సాయంత్రం బస్సులో తండాకు పోతూ నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఏడాదికి బాగా అలవాటైపోయింది. కుర్చీ అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చునేదాన్ని. "తెల్వది" అని కూడా తలెత్తి చెప్పేదాన్ని. నిజం చెప్పొద్దూ, కొంచెం పొగరు కూడా వచ్చింది. తప్పు చేసింది ఆ పొగరులోనే.

జుక్కల్ దిక్కు ఒక అన్నకు బోరు మోటార్ల సామాను, పైపుల దుకాణం ఉండేది. చిన్న వ్యాపారుల కోసం ప్రభుత్వం పెట్టిన స్కీములో ఉన్నాడు. దాంట్లో పన్ను తక్కువ, కాగితాలు తక్కువ. కానీ షరతు ఒకటుంది: సరుకు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ఇది నాకు నోటికి వచ్చిన రూలే. ఒక శుక్రవారం ఆ అన్న వచ్చి, "బిడ్డా, దెగ్లూర్‌ల ఒక దుకాణపోడు పైపులు అడుగుతుండు. పంపొచ్చా?" అన్నాడు.

"పంపు అన్నా, దానికేముంది!" అన్నాను.

దెగ్లూర్ మాకు చిన్నప్పటి నుంచి ఊరి పక్క సంత. మా అమ్మ గాజులు అక్కడే కొనేది. మా పెద్దమ్మ కూతుర్ని ఇచ్చింది అక్కడే. తండా నుంచి అటు పోతే ఎక్కడ తెలుగు ఆగి ఎక్కడ మరాఠీ మొదలవుతుందో ఎవరూ చూసుకోరు. అది మహారాష్ట్ర అన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆ అన్నకూ తట్టలేదు. హైదరాబాద్ వాళ్లయితే ఈ తప్పు చేయరు. మా దిక్కు పుట్టినవాళ్లే చేస్తారు. సాయంత్రం సాబ్ అడిగినప్పుడు కూడా "పైపులన్న వచ్చిండు, పక్కూరోళ్లకు అమ్మొచ్చా అంటే అమ్మమన్న" అని చెప్పాను. ఆయన హూఁ అన్నాడు.

అయిదు నెలలకు నోటీసు వచ్చింది. ఆ అన్న దాన్ని పట్టుకుని మెట్లెక్కి వచ్చి, గదిలో అందరి ముందూ నా వైపు చెయ్యి చూపించాడు.

"గీ పిల్లనే చెప్పింది సాబ్! పంపు, దానికేముంది అన్నది. ఇప్పుడు స్కీమ్ పాయె, అంతకు పన్ను కట్టాలె, జుర్మానా అంటున్నరు. నా దుకాణం మునిగినట్టే!"

సాబ్ నోటీసు చదివాడు. మడిచాడు. నన్ను ఒక్క చూపు చూసి, ఆ అన్న వైపు తిరిగాడు.

"గా పిల్ల యాడ కూసుని చెప్పింది?"

"గీడనే. మీ కుర్సీల."

"మరి గా కుర్సీ ఎవరిది? నాది. కుర్సీల కెల్లి వచ్చిన మాట నా మాట. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆ అన్న తిట్టాడు కూడా. సాబ్ తల వంచుకుని విన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి ఊరంతా సలాం కొట్టే మనిషి, నా మూలంగా ఒక పైపుల దుకాణం ఆయనతో మాటలు పడటం చూస్తూ నిలబడ్డాను. ఆ అరగంటలో నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ తీరలేదు.

ఆ అన్న వెళ్లిపోయాక నేను ఏడుస్తూ ఇంక రాను, మానేస్తాను అన్నాను. ఆయన ఓదార్చలేదు. తెల్ల కాగితాలు నా ముందుకు జరిపాడు.

"నోటీసుకు జవాబు నువ్వే రాయి."

"నాతోని కాదు సాబ్."

"తప్పు చేసినోనికి తెలిసినంత బాగ ఆ తప్పు ఇంకెవ్వనికి తెల్వది. నేను రాస్తే వకీలు రాసినట్టుంటది. నువ్వు రాయి."

నాలుగుసార్లు రాయించి నాలుగుసార్లు చింపాడు. అయిదోసారి హూఁ అన్నాడు. తర్వాతి వారం నన్నూ ఆ పైపుల అన్ననూ వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో పన్నుల ఆఫీసుకు తీసుకెళ్లాడు. మే నెల ఎండలో మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. ఎందుకో అర్థం కాలేదు. ఆఫీసరు గదిలోకి పోయాక గొంతు పట్టుకుని సైగ చేశాడు, మాట రావడం లేదని. ఆఫీసరు నన్ను చూశాడు. పైపుల అన్న నన్ను చూశాడు. ఇంక తప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాను: ఈయన దొంగతనంగా అమ్మలేదు సార్, ప్రతి బిల్లూ రాశాడు, సలహా ఇచ్చింది నేను, మా దిక్కు దెగ్లూర్‌ను వేరే రాష్ట్రం అనుకోము, అయినా తప్పు తప్పే. కాగితం రెండు చేతులతో బల్లకు అదిమి పట్టుకున్నాను. ఆఫీసరు అంతా విన్నాడు. పన్ను కట్టక తప్పదన్నాడు, జరిమానా మాత్రం వదిలేశాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు నిజామాబాద్ దాటకముందే సాబ్ మఫ్లర్ విప్పి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓ భాయ్, కీరా కైసే దియా?" అని అరిచి దోసకాయలు బేరమాడాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆయన ఒక ముక్క నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ అన్న కట్టిన పన్నులో సగం ఆయనే భరించాడని కోటగిరి అన్న చెబితే చాలా కాలానికి తెలిసింది. నా జీతంలోంచి ఒక్క రూపాయి కోయలేదు. కానీ ఆ ఏడాది పెంచనూ లేదు.

మరుసటి శుక్రవారం నా వంతు. పన్నెండున్నరకు ఆయన లేచి గడియారం పెట్టుకున్నాడు. నేను నా స్టూలు మీంచి కదల్లేదు.

"లేవు."

"నేను కూసోను సాబ్. నాకు భయమైతుంది."

"ఇయ్యాల కూసోకపోతే మళ్ల ఎన్నడు కూసోవు," అన్నాడు. అంతే. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. నేను లేచి, ఆ కుర్చీ దాకా నడిచి, కూర్చున్నాను. ఆ రోజు నలుగురు వచ్చారు. ప్రతి ఒక్కరినీ "సరుకు ఏ ఊరికి, అది ఏ రాష్ట్రం?" అని అడిగాను. దుస్తుల దుకాణం ఆయన "గీ బస్టాండ్ ఎదురుంగనే అమ్మా, ఇంక తెలంగాణలనే ఉంది" అన్నాడు. అప్పుడే మళ్లీ కొంచెం నవ్వు వచ్చింది.

నాలుగో ఏడు నడుస్తుండగా ఆయనే ఒక పొద్దున ఫైలు మీంచి తల ఎత్తకుండా అన్నాడు: "నిజామాబాద్‌ల మందుల హోల్‌సేల్ ఒకటి ఉంది. అకౌంటెంట్ గావాలంట. అర్జీ పెట్టు."

"ఎందుకు సాబ్? నేను ఈడనే ఉంట."

"నా దగ్గరున్నది అయిపోయింది. ఇంక ఉంటే చెప్పిందే చెప్త, నువ్వు విన్నదే వింటవ్."

ఆ మాట చెప్పడానికి ఆయనకు కష్టమైందని నాకు తెలుసు. ఎందుకంటే వెంటనే లేచి, ఎవరూ వేయని ఫ్యాన్‌ను ఆపడానికి వెళ్లాడు. తర్వాత వారం రోజులు నాతో ఇంటర్వ్యూ ఆడించాడు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనే ముక్క ఒక్కటి కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివేవాడు. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. అది సరైందో కాదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. "తప్పో ఒప్పో, ఆపకుండ చెప్పినవ్ సూడు," అనేవాడు. ఆ ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకు హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం. అప్పుడూ ఫోన్ చేశాను. "నువ్వు ఏం అనుకుంటున్నవ్?" అన్నాడు. "పోదామనుకుంటున్న సాబ్." "హూఁ." ఇంకో మాట లేదు. నాకు అది కొండంత అండ. సాబ్ హూఁ అన్నాడంటే ఆయనకు అంతా కనబడి ఉంటుంది, ఆయనకు దేనికీ బెదురు లేదు, ఆ ధైర్యంలో ఒక చిటికెడు నాకు పంపాడని అనుకునేదాన్ని.

ఈసారి ఆ హూఁ లేదు. శనివారం పొద్దున జేబీఎస్‌లో బాన్సువాడ బస్సు ఎక్కినప్పుడు నా దుఃఖంలో సగం దానికోసమేనని ఒప్పుకుంటున్నాను. ఆయన పోయినందుకు ఏడ్చాను. ఇంక జడ్చర్ల గురించి ఎవరిని అడగాలో తెలియక కూడా ఏడ్చాను. బస్సు నర్సాపూర్ దాటేలోపు ఆ పని వద్దని చెప్పేయాలని దాదాపు నిశ్చయించుకున్నాను. కారణం కూడా తయారు చేసుకున్నాను, అమ్మకు ఆరోగ్యం బాగాలేదని.

ఇంటి ముందు షామియానా కింద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. కోటగిరి అన్న నన్ను చూసి లేచాడు, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ కూర్చున్నాడు. సాబ్ భార్య, మా చాచీ, ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆమెను నాలుగు నెలల పది రోజులూ బయటి మగవాళ్లు చూడకూడదు. ఆడదాన్ని కనుక నన్ను లోపలి గదికి పిలిచారు. ఆమె నన్ను చూసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ ఫోన్ రాలే అని మొన్ననే అన్నడు బేటీ."

నేను ఆ నాలుగు రోజుల సంగతి చెప్పాను. జడ్చర్ల సంగతీ చెప్పాను. "ఆయన హూఁ అంటే పోయేదాన్ని చాచీ. ఆయన అసుంటి ధైర్యం నాకేడిది?" అన్నాను.

చాచీ ఏడుస్తున్నదల్లా ఆగి నన్ను వింతగా చూసింది.

"ధైర్యమా? ఆయనకా? నువ్వు ఫోన్ చేసిన్నాడు ఇంట్ల అందరికి పరేషానే. ఫోన్ పెట్టేసి గట్లనే కూసునేటోడు. అన్నం సయించకపోయేది. 'గా పిల్ల పోతనంటుంది, ఆడ ఏమైతదో, నేనే ఎగదోసిన' అనేటోడు. మరి పోవద్దని చెప్పరాదా అంటే నా మీద కోపం. నువ్వు హైదరాబాద్ ఇంటర్వ్యూకు పోయిన్నాడు రోజా పట్టి ఉపాసం ఉండె. రంజాన్ గాదు ఏం గాదు. నీకోసమే ఉండె."

నేను ఆమెకు ఇంకా దగ్గరగా జరిగాను.

"జుమ్మా నాడు తానానికి ఇంటికొచ్చి, బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా చూడకపోయేది. 'ఎవరొచ్చిన్రో, ఏం అడిగిన్రో' అని ఒకటే గుబులు. గా పైపుల లొల్లి అయినంక మరీ. ఒకనాడు నేనే అడిగిన. ఇంత భయమైతే ఎందుకు కూసోబెడ్తున్నవ్, గా పిల్లకు భయం పోయినంక కూసోబెట్టు అన్న."

"ఏమన్నరు?"

"నవ్విండు. 'భయం పోయేదాంక ఆగితే నేను గూడ ఆ కుర్సీల కూసునేటోన్ని కాదు. ముప్పై ఏండ్లాయె, నాకింక పోలే' అన్నడు."

చాచీ భుజం మీద తల పెట్టి, ఆయన పోయిన కబురు విన్నప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఎంత ప్రేమించాడు ఆ మనిషి! ఒక్క మాట పైకి అనకుండా, అన్నం మానుకుని, నీళ్లు పొర్లబోసుకుని, నా కోసం ఎంత భయపడ్డాడు! నేను మాత్రం ఆయనకు బెదురు లేదనుకుని, అది నాకు లేదని ఇన్నేళ్లూ చిన్నబుచ్చుకున్నాను.

బయటికి వచ్చి, గల్లీ చివర వెల్డింగ్ దుకాణం పక్కన కాస్త నీడలో నిలబడి డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. శనివారం కదా, ఇంట్లో ఉన్నట్టున్నాడు, వెనక పిల్లల అల్లరి వినబడుతోంది.

"సార్, జడ్చర్ల నేను వెళ్తాను."

"గుడ్! ధైర్యం వచ్చిందన్నమాట."

"రాలేదు సార్. భయంగానే ఉంది. అయినా వెళ్తాను."

ఆయన పిల్లల్ని అల్లరి ఆపమనడం వినబడింది.

"సరే. ఎప్పుడు చేరతావు?"

"ఒకటో తారీకు," అన్నాను.